ఎందుకు కాదన్నారో చెప్పండి సార్

మా సుబ్బరాయలన్నను ఎవరు కాదన్నా బాధపడేవాడు కాదు. ఎందుకు కాదన్నారో చెప్పకపోతే మాత్రం ఆయనకు అన్నం సహించేది కాదు. ఉద్యోగం ఇవ్వని ఆఫీసుకు మర్నాడు పొద్దున్నే వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడి, "నాలో ఏం తక్కువో నిజం చెప్పండి సార్, నేనేమీ అనుకోను" అనేవాడు. చెప్పేదాకా కదిలేవాడు కాదు. చెప్పినవాడికి ఆ మర్నాడు పెరట్లోని మునక్కాయలు ఒక కట్ట తీసుకెళ్ళి ఇచ్చేవాడు. ఎంత గట్టిగా తిడితే కట్ట అంత లావు.

నేను బీకాం పట్టా పుచ్చుకుని, 1980లో యానాం నుంచి పాండిచ్చేరి వచ్చి, రెడ్డియార్‌పాళయంలో వాళ్ళింటి ముందుగదిలో అద్దెకు దిగాను. తరాల కిందట అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్ళది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని, ఆ తెలుగు అరవంలో నానబెట్టి ఆరేసినట్టుండేది. రాతకోతలన్నీ తమిళంలోనే. తల్లి మునెమ్మ, కొడుకు సుబ్బరాయలు, ఇద్దరే మనుషులు. ఆయన నాకంటే ఆరేళ్ళు పెద్ద. నిరుద్యోగంలో నాకంటే నాలుగేళ్ళు సీనియరు.

దిగిన రోజు సాయంత్రమే వచ్చి అడిగాడు. "ఏంది తమ్ముడా, రూము బాగుండాదా?"

"బాగుందన్నా."

"అట్ల కాదు. నిజం చెప్పు. ఏం బాగలేదు?"

"అంతా బాగానే ఉందన్నా."

"బుల్లిరాజూ! నేనేమీ అనుకోను. చెప్పు."

అరగంట తర్వాత ప్రాణం విసిగి, "కొంచెం ఉక్కగా ఉంది" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. మర్నాడు పొద్దున్నే మేస్త్రీని తీసుకొచ్చి తూర్పుగోడకు పెద్ద కన్నం కొట్టించాడు. కిటికీ చెక్క రావడానికి ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులూ వీధిలో పోయేవాళ్ళు నన్ను పలకరిస్తూ పోయారు. వాళ్ళలో ఇద్దరిని ఆపి, నేను పడుకున్న తీరు ఎలా ఉందో నిజం చెప్పమని కూడా అడిగాడు అన్న.

ఒకసారి ఊళ్ళో ఒక ఎగుమతుల ఆఫీసులో టైపిస్టు పనికి వెళ్ళాడు. రాలేదు. మర్నాడు తొమ్మిదింటికల్లా గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఆ మేనేజరు ఈయన్ని ఏ యూనియన్ మనిషో అనుకుని వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. రెండో రోజు అన్న వెనక గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మూడో రోజు మేనేజరు రెండు చేతులూ జోడించాడు.

"నాయనా, ఉద్యోగం ఇచ్చేస్తాను, తీసుకో."

"ఉద్యోగం వద్దు సార్. కారణం చెప్పండి."

"కారణం లేదయ్యా! మా బావమరిదికి ఇచ్చుకున్నాను!"

అన్న వెంటనే నోటుపుస్తకం తీసి రాసుకున్నాడు. లోపం: మేనేజరుకు బావమరిదిని కాకపోవడం. "ఇది సరి చేసుకునేది కష్టంరా" అని ఆ సాయంత్రమంతా దిగులుగా కూర్చున్నాడు. మునక్కాయలు మాత్రం పంపించాడు.

పెళ్ళి సంగతీ అంతే. నటేశన్ నగర్‌లో పిల్లను చూసి వచ్చారు. వాళ్ళు వారం తిరక్కుండా వద్దని కబురు చేశారు. మర్నాడు నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఆ ఇంటికి బయల్దేరాడు. నేను సిగ్గుతో చచ్చిపోయి పక్కింటి ప్రహరీ వెనక నక్కాను. అన్న గుమ్మంలో నిలబడి, "ఎందుకు వద్దన్నారో నిజం చెప్పండి మామా" అన్నాడు. పిల్ల తండ్రి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అన్న ఆ పేపరు రెండో వైపు చదువుతూ నిలబడ్డాడు. చివరికి లోపల్నుంచి పిల్లే వచ్చింది. పేరు మీనాంబాళ్.

"నేను చెప్తా ఇనండి. ఆ పొద్దు నాకు పాట వచ్చునా, వంట వచ్చునా, కుట్టు వచ్చునా అని అందురూ అడిగితిరి. మీకేం వచ్చునో ఒకరన్నా చెప్పితిరా? అందుకే వద్దంటి."

"ఇది న్యాయమే" అని అన్న రాసుకున్నాడు. మర్నాడు మునక్కాయలతో వెళ్ళి, తనకు వచ్చినవీ రానివీ అన్నీ చదివి వినిపించాడు. వచ్చినవి మూడు: టైపు, పంక్చరు వేయడం, మునక్కాయ పులుసు. రానివి రెండు పేజీలు. రెండో పేజీ సగంలో ఉండగా ఆ అమ్మాయి పకపకా నవ్విందట. ఆ ఏడే ఆవణి మాసంలో, అంటే మన శ్రావణంలో, పెళ్ళయిపోయింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక పంపుసెట్ల కొట్టువాడు ఈ గుణం చూసే అన్నను పనిలో పెట్టుకున్నాడు. కొనకుండా వెళ్ళిపోయే రైతును బస్సుదాకా వెంబడించి "ఎందుకు కొనలేదన్నా?" అని అడిగి, సగంమందిని వెనక్కి తీసుకొచ్చేవాడు.

ఇదంతా ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గాని, ఆ రోజుల్లో ఆయన పక్కన నడవడానికి నాకు తల తీసేసినట్టుండేది. రోడ్డు మీద పది అడుగులు వెనక నడిచేవాణ్ణి. ఆయన ఎవరినైనా ఆపి మాట్లాడుతుంటే పక్కనున్న కొట్లో అక్కర్లేని అగ్గిపెట్టె కొనుక్కునేవాణ్ణి. సిగరెట్టు అలవాటు లేని నా దగ్గర అగ్గిపెట్టెలు గుట్టలుగా పోగయ్యాయి.

నాకూ ఉద్యోగం రాలేదు. పదకొండు చోట్ల కాదన్నారు. కాదన్న చోట మళ్ళీ మొహం చూపించడం అటుంచి, ఆ వీధిలో నడవడమే మానేశాను. ఊళ్ళో నేను తిరగగలిగే వీధులు తగ్గిపోతూ వచ్చాయి.

"ఒక్కసారి పోయి అడగరా" అనేవాడు అన్న. "ఏం తక్కువో తెలిస్తే కదా సరి చేసుకునేది."

"నావల్ల కాదన్నా. సిగ్గు."

"సిగ్గు ఎందుకు? వాళ్ళు ఆల్రెడీ కాదనేసినారు. ఇంకేం చేస్తారు?"

పన్నెండోది మూలకుళం దగ్గర రేకు డబ్బాలు చేసే ఒక చిన్న కంపెనీ. డిస్పాచ్ గుమాస్తా పని. 1981 జనవరిలో ఇంటర్వ్యూకి వెళ్ళాను. మేనేజరు నాగరాజన్ గారు నెరిసిన మీసాల మనిషి. మొదటి ప్రశ్నే నా పేరు. దానికి నేను చెప్పిన జవాబు, "సారీ సార్, బుల్లిరా..."

వారంలో వద్దని కార్డు వచ్చింది. అదే వారం యానాం నుంచి నాన్న ఉత్తరం. ఏప్రిల్ ఆఖరుదాకా చూసి, ఉద్యోగం రాకపోతే వచ్చెయ్యమనీ, మా మావయ్య బట్టలకొట్టులో గుడ్డలు మడతపెట్టే పని ఉందనీ రాశారు. ఆఫీసరునై వస్తానని వీధి వీధికీ చెప్పి బయల్దేరిన వాణ్ణి. ఆ వీధులవాళ్ళందరూ చీరలు కొనుక్కునేది ఆ కొట్లోనే. గదిలో తలుపేసుకుని ఏడ్చాను. తలుపైతే వేశాను గాని, తూర్పుగోడకు కిటికీ ఉందన్న సంగతి మర్చిపోయాను.

మూడో రోజు సాయంత్రం సుబ్బరాయలన్న హుషారుగా వచ్చాడు.

"తమ్ముడా, ఆ డబ్బాల కంపెనీకి నేను కూడా అప్లికేషన్ పెట్టుంటి. నాకూ రాలా. ఇయాళ పోయి అడిగినా. మూడు తప్పులు చెప్పినాడు ఆ సారు. మంచి మనిషి, దాచిపెట్టలా."

నోటుపుస్తకం తెరిచి చదివాడు. ఒకటి, మాట్లాడేటప్పుడు నేల చూస్తున్నాడు. రెండు, ప్రతి జవాబుకూ ముందు సారీ చెబుతున్నాడు. మూడు, వాక్యంలో ఆఖరి మాట మింగేస్తున్నాడు.

"నువ్వా అన్నా?" అన్నాను. ఆయన ఎదుటివాడి కళ్ళలోకి చూసే చూపుకి మేకులు కూడా దిగుతాయి.

"అదంతా మీ దగ్గర. ఆఫీసర్ల ముందర నాకు కన్ను పైకి లేవదు. నువ్వు చదువుకున్నోడివి. ఎట్ల చెప్పల్లో నాకు చేసి చూపియ్యి. నేను ఆఫీసరు మాదిరి అడుగుతా. నువ్వు చెప్పు. చూసి నేర్చుకుంటా."

నన్ను ఒకరు నేర్పమని అడగడం అదే మొదటిసారి. ఒప్పుకున్నాను. రోజూ సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని అన్న కూర్చునేవాడు, నేను నిలబడి జవాబులు చెప్పేవాణ్ణి. మీనాంబాళ్ వదిన మునగాకు దూస్తూ మధ్యలో అందుకునేది.

"ఆఖరి మాట నాకు వినపళ్ళా. మళ్ళీ!"

"నేర్చుకునేది అన్న కదా వదినా."

"నీ దగ్గర చూసే కదా ఆయన నేర్చుకునేది? నువ్వే మింగేస్తే ఆయనకేం మిగులుతాది?"

మునెమ్మ పెద్దమ్మకు చెవులు సరిగా వినపడవు. ఆమె వీధి గేటు దగ్గర కూర్చునేది. నా మాట అక్కడిదాకా వినపడితే తలూపేది. ఫిబ్రవరి అంతా ఆమె తల కదల్లేదు. మార్చి సగానికి మొదటిసారి ఊపింది. అన్న మధ్యమధ్య ఆ కంపెనీకి వెళ్ళి, "ఇంకా ఏందో ఒకటి చెప్పినాడురా" అని కొత్త లోపం తెచ్చేవాడు. చేతులు నలుపుతున్నాడట. చొక్కా గుండీ తిప్పుతున్నాడట. పాపం ఈ మనిషిలో ఎన్ని లోపాలో అని జాలిపడి, అవన్నీ నేను శ్రద్ధగా సరిచేసి చూపించేవాణ్ణి.

ఏప్రిల్లో అదే కంపెనీలో ఇంకో గుమాస్తా మానేశాడు. నాకు మళ్ళీ పిలుపు వచ్చింది. అన్నే సైకిలు మీద తీసుకెళ్ళాడు. గేటు దగ్గర దిగి, ఎలా చెప్పాలో తెలియక నసుగుతూ, "అన్నా, నువ్విక్కడే ఉండు. లోపలికి రావొద్దు" అన్నాను.

"సరిరా. నేనేడికి వస్తా?"

లోపల వరండాలో ఎనిమిదిమంది ఉన్నారు. అందరూ ఇస్త్రీ చొక్కాలు, బూట్లు. పావుగంట గడిచిందో లేదో, చంకలో మునక్కాయల కట్టతో సుబ్బరాయలన్న ప్రత్యక్షమయ్యాడు. అటెండరు తంగవేల్ అడ్డం వెళ్ళాడు. అదే సమయానికి నాగరాజన్ గారు గదిలోంచి బయటికి వచ్చారు.

"సార్, పోయినసారి మీరు చెప్పినవన్నీ సరి చేసేసినాము. ఇయాళ కొంచెం గమనిచ్చి చూడండి సార్" అన్నాడు అన్న, కట్ట చాపుతూ.

ఎనిమిదిమందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వారు. ఒకడు గట్టిగానే నవ్వాడు. నాగరాజన్ గారు కట్ట వంకా చూశారు, నా వంకా చూశారు. ఆయన తమిళంలో అడిగింది తెలుగులో చెబుతున్నాను.

"ఈయన మీకు తెలుసా?"

నేను లేచి నిలబడి, ఆయన కళ్ళలోకి చూసి, "తెలీదు సార్. ఈయనెవరో నాకు తెలీదు" అన్నాను.

అన్న నవ్వు మొహం చెదరలేదు. "అవును సార్, నాకూ తెలీదు. పాపం ఎవరో పిల్లోడు" అని కట్ట బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంటర్వ్యూ బాగా చేశాను. ఎలా చేశానో నాకే తెలియదు. గేటు బయటికి వస్తే అన్న ఎండలో సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన మొహం చూడలేకపోయాను.

"నేను నడిచి వస్తాన్లే అన్నా."

"ఏందిరా నడిచేది ఈ ఎండలో? ఎక్కు."

"వద్దన్నా..."

"ఎక్కుతావా, ఎత్తి కూర్చోబెట్టేదా?"

ఎక్కాను. దారి పొడుగునా, ఏమేం అడిగారు, ఏమేం చెప్పావు అని అడుగుతూనే తొక్కాడు. ఆ మాట ఎత్తలేదు. చెమటతో తడిసిన ఆయన వీపు నా కళ్ళకు నాలుగంగుళాల దూరంలో ఉంది. రెడ్డియార్‌పాళయం వచ్చేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

పది రోజులకు ఉద్యోగం వచ్చినట్టు కాగితం వచ్చింది. వదిన పాయసం చేసింది. మునెమ్మ పెద్దమ్మ వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి, వాళ్ళు చెప్పేది వినపడకపోయినా, తాను చెప్పాల్సింది చెప్పి వచ్చింది. నేను పాయసం గ్లాసు సగంలోనే పక్కన పెట్టేశాను. నన్ను నేర్పమని అడిగినవాడికి రాకుండా ఉద్యోగం నాకొచ్చింది గదా అని అదొక సిగ్గు.

చేరిన రోజు మధ్యాహ్నం తంగవేల్ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏం సార్, మీ అన్న రావడం మానేశాడే?"

"ఆయన... ఆయన కూడా ఇక్కడ అప్లికేషన్ పెట్టాడు గదా. పాపం రాలేదు."

"ఆయనెక్కడ పెట్టాడు సార్? అప్లికేషన్లన్నీ నా చేతి మీదుగానే పోతాయి. ఆయన వచ్చింది మీకోసం. 'బుల్లిరాజు అని ఒక పిల్లోడు వచ్చిపోయినాడు, వాడిలో ఏం తక్కువో చెప్పండి' అని నాలుగుసార్లు వచ్చాడు. మా సారు మొదటిరోజు గెంటించాడు. రెండోరోజు కూర్చోబెట్టి చెప్పాడు."

నేల చూడడం, సారీ, మింగడం, చేతులు నలపడం, గుండీ తిప్పడం. ఒక్కొక్కటీ తిరిగొచ్చి నా మీద కూర్చున్నాయి. నిజం చెప్పండి, నిజం చెప్పండి అని ఊరంతా తిరిగే మనిషి మూడు నెలలపాటు రోజూ సాయంత్రం నాకు అబద్ధం చెప్పాడు. ఆ రోజు వరండాలోకి వచ్చిందీ నాకోసమే. తెలీదన్నది ఆయన్ని. అదీ, అన్నీ తెలిసిన నాగరాజన్ గారి ముందు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి వాకిట్లోనే నిలబడి అడిగాను.

"అన్నా, నువ్వక్కడ అప్లికేషనే పెట్టలేదంటగా."

"ఎవురు చెప్పింది?"

"తంగవేల్."

"వానికి మునక్కాయలు ఇచ్చుంటే చెప్పేవాడు కాదు" అన్నాడు అన్న విచారంగా.

"ఆ తప్పులన్నీ నావే గదా. నాతోనే చెప్పొచ్చు గదన్నా."

అన్న తల గోక్కున్నాడు. జవాబు వదిన చెప్పింది. "చెప్పుంటే ఆ పొద్దే మూట కట్టుకోని యానాం బస్సు ఎక్కుండేవాడివి. నువ్వు ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి ఆకు మాదిరి మనిషివి. మీ అన్న కిటికీలో నువ్వు ఏడిచేది చూసి వచ్చి రెండు పూటలు కూడు తినలా, తెలుసునా?"

"నిజం అందురికీ ఒకే మాదిరి దిగదురా" అన్నాడు అన్న. "నాకు తిట్టినా దిగుతాది. నీకు నా పేరు మీద ఇయ్యాల్సి వచ్చె."

"నేను ఆ రోజు నువ్వెవరో తెలీదన్నానన్నా."

ఆయన తొడమీద చరిచి నవ్వాడు. "అదెంత బాగా చెప్పినావురా! తల ఎత్తి, కన్ను కలిపి, సారీ లేకుండా, ఆఖరి మాట దాకా గణగణమని! నాకు ఒళ్ళు పులకరించి పోయె. వీనికి వచ్చేసిందిరా, ఇంక భయం లేదు అనుకోని బయటికి వచ్చేస్తి."

చెంప మీద కొట్టినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు. నవ్వు కూడా వచ్చింది, అదే ఇంకా సిగ్గు.

మర్నాడు ఆయనకు బలవంతంగా చొక్కా తొడిగించి ఆఫీసుకు తీసుకెళ్ళాను. ఈసారి సైకిలు నేను తొక్కాను. వరండాలో పది అడుగుల దూరం లేకుండా, ఆయన చెయ్యి పట్టుకునే నడిచాను. గుమాస్తాలందరూ తలెత్తి చూశారు. నాగరాజన్ గారి గదిలోకి వెళ్ళి చెప్పాను.

"సార్, ఈయన సుబ్బరాయలు. మా అన్న. ఆ రోజు తెలీదన్నాను. అబద్ధం చెప్పాను."

"తెలుసు" అన్నారాయన, కాగితంలోంచి తలెత్తకుండా.

ఇంక వెళ్ళిపోవచ్చు. కాని నేను కదల్లేదు. జీవితంలో మొదటిసారి నా నోటివెంట ఆ ప్రశ్న వచ్చింది. "మరి నాకెందుకు ఉద్యోగం ఇచ్చారో నిజం చెప్పండి సార్. నేనేమీ అనుకోను."

నాగరాజన్ గారు కాగితం పక్కన పెట్టారు. "నిజం చెప్పాలంటే, వద్దని రాయడానికే పెన్ను తీశాను. జవాబులు బాగా చెప్పావు, కాని అన్నం పెట్టినవాణ్ణి తెలీదనేవాడు నాకెందుకు? అప్పుడు ఈ కిటికీలోంచి చూస్తే, నువ్వు వద్దంటున్నా ఈయన నిన్ను గద్దించి సైకిలెక్కించుకుంటున్నాడు. ఎవరో తెలీదని నువ్వన్న గంట తర్వాత! అంత మనిషి నిన్ను వదలడం లేదంటే, నీలో ఏదో ఉండే ఉంటుందని రాశాను."

నేను తల దించుకున్నాను. ఈసారి ఎవరూ తప్పు పట్టలేదు.

అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డ సుబ్బరాయలన్న కుర్చీ జరుపుకుని ఆయనకు ఎదురుగా కూర్చున్నాడు. "ఏదో ఉండాదంటిరే సార్, అదేందో కొంచెం విడమర్చి చెప్పండి. ఇన్నాళ్ళూ వీని తప్పులే చెప్పిచ్చుకోని పోతిని. ఒక మంచి మాట కూడా తీసుకోని పోతా."

ఈయన కదిలే మనిషి కాదని నాగరాజన్ గారికి తెలుసు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, తంగవేల్‌ను పిలిచి మూడు టీలు చెప్పారు.